సున్నా పడిన జవాబును ఎవరు చదువుతారు?

బీటీ పత్తి విత్తనాలు కొన్న రైతుకు చాలా ఏళ్లపాటు ఒకే ప్యాకెట్‌లో రెండు పొట్లాలు వచ్చేవి. పెద్ద పొట్లంలో 450 గ్రాముల బీటీ గింజలు, చిన్న దాంట్లో 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. ఆ మామూలు గింజల్ని చేను చుట్టూ వరసలుగా వేయాలన్నది నిబంధన. చాలాచోట్ల అది మాటవరసకే మిగిలింది. చిన్న పొట్లం గట్టు మీదే పడి ఉండేది.

వేయకపోవడానికి కారణాలు లేకపోలేదు. మన దగ్గర కమతాలు చిన్నవి. ఆ గింజల నాణ్యత మీద ఫిర్యాదులూ వచ్చాయి. అన్నిటికంటే బలమైన కారణం మాత్రం రైతు అడిగే సూటి ప్రశ్నలోనే ఉంది: పురుగు రాకూడదని బీటీ వేసుకుంటూ, దాని పక్కనే పురుగును మేపడానికి మామూలు పత్తి ఎందుకు వేయాలి? గులాబీ రంగు పురుగు బీటీని కూడా తట్టుకోవడం మొదలయ్యాక ఊళ్లలో వినపడిన మాట ఒక్కటే. ‘పురుగు మందుకు అలవాటు పడిపోయింది.’

పురుగు అలవాటు పడుతుందని నమ్మినవారికి ఆ చిన్న పొట్లం పిచ్చిపనిలాగే కనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. లక్షల పురుగుల్లో బీటీ విషాన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్నవి ఏ కొన్నో ఉంటాయి. విషం మిగతావాటిని చంపేస్తే అవే మిగిలి, అవే సంతానం కంటాయి. ఏ ఒక్క పురుగూ తన జీవితకాలంలో మారలేదు. మారింది గుంపులో ఏ రకానివి ఎన్ని ఉన్నాయన్న లెక్క. దీన్నే సహజ వరణం అంటారు. పక్క వరసల్లో మామూలు పత్తి తిని బతికిన పురుగులు పెరిగి రెక్కలొచ్చి ఈ మొండి రకంతో జతకడితే, పుట్టే పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచే అందుతుంది. ఆ గుణం సాధారణంగా అంతర్గతం, అంటే రెండు వైపుల నుంచీ అందితేనే బయటపడేది కాబట్టి అవి బీటీ మొక్క మీద చచ్చిపోతాయి. 120 గ్రాముల పొట్లం వెనక ఉన్న లెక్కంతా ఇదే. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి తరం బీటీని పురుగు తట్టుకుంటోందని విత్తన సాంకేతికత అమ్మిన కంపెనీయే ఒప్పుకుంది. రెండో తరం బీటీ కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు.

ఇందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు. పదో తరగతి చదివి, సహజ వరణం ప్రశ్నకు నిండా మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ‘అలవాటు పడింది’ అన్న మాటే అంటారు. ‘సహజ వరణం అంటే ఏమిటి?’ అని పేపర్లో అడిగితే గైడులో ఉన్న నాలుగు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా వచ్చేస్తాయి. అదే తరగతిలో, పుస్తకాలు మూయించి, ‘దోమల చక్రాలు వెలిగించినా దోమలు ఎందుకు చావడం లేదురా?’ అని అడిగి చూడాలి. ‘అలవాటు పడ్డాయి సార్’ అన్న జవాబు నాలుగు బెంచీల నుంచి ఒకేసారి వస్తుంది. డార్విన్ పేరుతో రాసిన జవాబు మార్కుల పట్టికలోకి వెళ్లింది. జీవి తన జీవితకాలంలోనే మారి, ఆ మార్పును పిల్లలకు ఇస్తుందని లామార్క్ చెప్పినట్టు ఆలోచించే మనసు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ పొరపాటు పొలం దగ్గర ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 12 దేశాల్లో దాదాపు పదివేల మందిని యాంటీబయాటిక్స్ గురించి అడిగింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. యాంటీబయాటిక్ పనిచేయకపోవడం అంటే మన ఒళ్లు ఆ మందును తట్టుకోవడమని 76 శాతం మంది చెప్పారు. తట్టుకుంటున్నది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. ఒళ్లే అలవాటు పడుతుందనుకున్నవాడు, ‘నేను ఎప్పుడో గానీ మాత్ర వేసుకోను, నాకేం కాదు’ అని ధైర్యంగా ఉంటాడు. అయిదు రోజుల కోర్సును రెండో రోజు జ్వరం తగ్గగానే ఆపేసి మిగిలిన మాత్రల్ని పక్కింటివాళ్లకు ఇస్తాడు. ఇలాంటి పాఠం మరింత గట్టిగా చెప్పాల్సిన కాలంలో, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవ పరిణామం భాగాన్నే తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని లేఖ రాసినా ఫలితం లేకపోయింది.

పాఠం ఉందా లేదా అన్నది ఒక గొడవ. ఉన్న పాఠం పిల్లల బుర్రలో ఏ రూపంలో స్థిరపడిందో తెలుసుకునే పద్ధతి మన బడుల్లో ఉందా అన్నది అంతకంటే పెద్ద గొడవ. దీని మీద పత్రికల్లో లేఖలు రావు.

పద్ధతులు లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో హాస్లమ్, ట్రెగస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో మొక్కల కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మీద ఒక పరీక్ష తయారుచేశారు. చూడటానికి మామూలు బిట్ పేపరే. తేడా ఏమిటంటే ప్రతి ప్రశ్నకూ రెండు అంతస్తులు. మొదట జవాబు ఎంచుకోవాలి, వెంటనే కింద ఆ జవాబుకు కారణం కూడా ఎంచుకోవాలి. ఆ కారణాల్లో ఉన్న తప్పులు పరిశోధకులు బల్ల ముందు కూర్చుని ఊహించినవి కావు. అంతకుముందు పిల్లలతో మాట్లాడి, వాళ్లు రాసినవి చదివి ఏరినవి.

అలాంటి ప్రశ్నను మన తరగతికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది: చిమ్మచీకట్లో పచ్చని మొక్క ఏ వాయువును తీసుకుంటుంది? ఆక్సిజన్ అని తరగతిలో ఎక్కువమందే టిక్కు పెడతారు. మన బిట్ పేపర్ ఇక్కడితో తృప్తిపడి మార్కు వేసేస్తుంది. కారణం అడిగితే దారులు చీలిపోతాయి. ‘శ్వాసక్రియ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, చీకట్లోనూ జరుగుతుంది’ అనేవారు కొందరు. ‘మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి, రాత్రి మాత్రమే శ్వాసిస్తాయి’ అనేవారు ఇంకొందరు. ఇద్దరి టిక్కూ ఒక గడిలోనే, ఇద్దరి మార్కూ ఒకటే. రెండోవారికి మాత్రం మొక్క అంటే పగటి డ్యూటీ, నైట్ డ్యూటీ వేర్వేరుగా చేసే మిషను. శ్వాసక్రియ అంటే కణం బతకడానికి శక్తిని విడుదల చేసుకునే పని అని, అది ఆగిపోతే కణం చచ్చిపోతుందని వారికి ఎక్కలేదు. వాయువులు ఇచ్చిపుచ్చుకోవడమే శ్వాసక్రియ అన్న దగ్గరే వాళ్లు ఆగిపోయారు.

ఈ పొరపాటుకు మనం ఇంట్లోనే మంచి ఎరువు వేస్తున్నాం. చింతచెట్టు కింద రాత్రి పడుకుంటే దెయ్యం పట్టుకుంటుందని పాతకాలం వాళ్లు అనేవారు. దాన్ని ఖండించబోయి ఎవరో సైన్సు తెలిసినాయన, రాత్రిపూట చెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి కాబట్టే పెద్దలు అలా చెప్పారని సర్దిచెప్పాడు. అప్పటి నుంచి ఇది బళ్లో కూడా చెల్లుతోంది. ఒక మనిషి రోజుకు వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఒక కిలో. తలుపులు మూసిన గదిలో నలుగురు పక్కపక్కనే పడుకోవడానికి ఎవరూ జంకరు గానీ, ఆరుబయట గాలాడే చెట్టు కిందకు వెళ్లడానికి మాత్రం సైన్సు అడ్డొస్తుంది! రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందన్న వాట్సాప్ సందేశం దీనికి తోబుట్టువు. మొక్క నుంచి ఆక్సిజన్ రావాలంటే వెలుగు సాయంతో నీటి అణువు విడిపోవాలి. చీకట్లో ఆ పని ఏ చెట్టూ చేయలేదు, అది గుడి ఆవరణలో ఉన్నా సరే.

చదువు పెరిగితే ఇవన్నీ వాటంతటవే రాలిపోతాయనుకుంటే 1997లో అమెరికాలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చూడాలి. దాని పేరు ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’. అందులో హార్వర్డ్, ఎంఐటీ పట్టభద్రుల చేతికి ఒక విత్తనం, ఒక కర్ర దుంగ ఇచ్చి, ఇంత చిన్న గింజ ఇంత దుంగ కావడానికి ఈ బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. నీళ్లు, మట్టి, మట్టిలోని పోషకాలు అన్న జవాబులే ముందుకొస్తాయి. ఎక్కువ భాగం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందంటే నమ్మలేనట్టు చూస్తారు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం వాళ్లకు రాక కాదు. ఆ సమీకరణానికి, చేతిలో బరువుగా ఉన్న దుంగకు సంబంధం ఉందని వాళ్లకు ఎప్పుడూ తట్టలేదంతే.

ఆ మాటకొస్తే ఈ ప్రశ్నకు పెద్దపెద్దవాళ్లే తడబడ్డారు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త దాదాపు 90 కిలోల ఎండు మట్టి తూచి తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటాడు. అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 76 కిలోలకు పెరిగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. మొక్క మట్టిని తిని పెరగదని అంత చక్కగా రుజువు చేసి, బరువంతా నీటి నుంచే వచ్చిందని తేల్చాడు. ‘గ్యాస్’ అన్న పేరు పుట్టించింది ఈయనే. బొగ్గు కాలినప్పుడు వెలువడే వాయువును గుర్తించిందీ ఈయనే. అదే వాయువు తన తొట్టిలోని చెట్టుకు మేత అని మాత్రం ఊహించలేకపోయాడు. మన పరీక్షలో అయితే ఆయనకు సున్నా పడేది. ఆ సున్నా చూసినవారికి ఆయన మట్టి సంగతి సరిగ్గా పట్టుకున్నాడని, గాలి దగ్గర మాత్రమే తప్పాడని ఎప్పటికీ తెలిసేది కాదు.

తప్పు ఎక్కడుందో ముందే తెలిసిన టీచరుకూ తెలియని టీచరుకూ తేడా ఎంతుంటుంది? హార్వర్డ్‌లో ఫిలిప్ శాడ్లర్ బృందం దీన్ని కొలిచి చూసింది. 181 మంది మాధ్యమిక పాఠశాల భౌతికశాస్త్ర టీచర్లకు వాళ్ల పిల్లలు రాసే ప్రశ్నపత్రమే ఇచ్చి, సరైన జవాబుతో పాటు పిల్లలు ఎక్కువగా ఏ తప్పు జవాబు ఎంచుకుంటారో కూడా గుర్తించమన్నారు. 2013లో ప్రచురించిన ఫలితం ఇది: పిల్లలు తరచూ పడే తప్పుల దగ్గర, సరైన జవాబు ఒక్కటే తెలిసిన టీచర్ల తరగతుల కంటే ఆ తప్పు కూడా తెలిసిన టీచర్ల తరగతుల్లో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. సబ్జెక్టు జీవశాస్త్రం కాదు, నిజమే. కానీ చెట్టు మట్టిని తింటుందనుకునే పిల్లవాడి విషయంలో వేరేగా ఉంటుందనుకోవడానికి కారణం కనిపించదు.

జన్యుశాస్త్రంలో ఈ తేడా ప్రాణాల మీదకు వస్తుంది. సికిల్ సెల్ వ్యాధి నిర్మూలన మిషన్‌ను కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు చేయడం లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. పరీక్షలో వాహకులని, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తున్నవారని తేలిన అబ్బాయి, అమ్మాయి పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు. పదో తరగతిలో నాలుగు గళ్ల చదరం గీసి, మూడింటికి ఒకటి నిష్పత్తి రాసిన పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉండాలి. తెలిసిందో లేదో చూడటానికి ఒక్క ప్రశ్న చాలు: దంపతులిద్దరూ వాహకులు, మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది, రెండో బిడ్డ సంగతేమిటి? ‘నాలుగింట ఒకటి అయిపోయింది కదా, ఇక ముగ్గురూ బాగుంటారు’ అన్నవాడికి చదరం గీయడం వచ్చు. గళ్లు నలుగురు బిడ్డలనుకుంటున్నాడు, అంతే. ప్రతి కాన్పుకూ చీటీలు మళ్లీ కలిపి తీస్తారని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, వాడేమనుకుంటున్నాడో ముందు అడగలేదు.

ముగ్గురు ఆడపిల్లల తర్వాత ‘ఈసారి తప్పకుండా మగపిల్లాడే’ అనే ధీమాకూ వేరు ఇదే. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి ఎక్స్, వై క్రోమోజోముల వల్లనని పదో తరగతి పాఠంలో స్పష్టంగా ఉంది. ఆ పాఠంలో మార్కులు పోగొట్టుకునేవారు తక్కువే. కోడలిని ఆడిపోసుకునే ఇళ్లు తగ్గాయా అంటే జవాబు వేరే. బహిర్గత లక్షణం అంటే ఎక్కువమందిలో కనిపించేదని అనుకోవడం ఇంకో పొరపాటు. చేతికి ఆరు వేళ్లుండటం చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అలా ఉన్నవారు ఊరికి ఒక్కరుంటే ఎక్కువ. ఓ గ్రూపు రక్తం అంతర్గతం, మన దేశంలో అది కోట్ల మందికి ఉంది.

ఇదంతా బాగానే ఉంది గానీ, చేసేదెవరని బయాలజీ టీచర్లు అడుగుతారు. సిలబస్ జనవరికల్లా ముగించాలి, ఎఫ్‌ఏ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, స్పెషల్ క్లాసులు, బోధనేతర పనులు సరేసరి. అడిగేది న్యాయమే. అందుకే ప్రతి పాఠానికీ పదేసి రెండంతస్తుల ప్రశ్నలు తయారుచేయమనడం అర్థం లేని కోరిక. పాఠానికి ఒక్క ప్రశ్న, పాఠం మొదలుపెట్టే ముందు, మార్కులు లేకుండా, పిల్లలు పేరు రాయకుండా చీటీ మీద. కారణం ఏ భాషలో రాసినా పర్వాలేదనాలి. ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లవాడు ఇంగ్లిష్‌లో రాసేది బట్టీ వాక్యం. ఇంట్లో మాట్లాడే తెలుగులో రాస్తే వాడు నిజంగా ఏమనుకుంటున్నాడో బయటపడుతుంది. ఆ చీటీలు తిరగేయడానికి పావుగంట పడుతుంది. మార్కులు ముడిపెడితే మాత్రం మొత్తం చెడిపోతుంది. మార్కులున్న మరుక్షణం ఆ ప్రశ్న గైడులోకి ఎక్కుతుంది, దాని కారణం కూడా బట్టీ అయిపోతుంది. ఈ విద్యలో మన గైడు ప్రచురణకర్తలను మించినవారు లేరు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. తప్పు పట్టుకోగానే పోదు. అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, తెర మీద పేర్లు చూపిస్తూ జీవమున్నదా లేనిదా వెంటనే చెప్పమంటే, విశ్వవిద్యాలయ జీవశాస్త్ర ప్రొఫెసర్లు కూడా జంతువుల కంటే మొక్కల దగ్గర ఎక్కువ తటపటాయించారు. కదిలేదే బతికున్నదన్న పసితనపు నమ్మకం ఎంత చదివినా అడుగున ఉండిపోతుందన్నమాట. అలాంటప్పుడు ఒక పీరియడ్‌లో సరైన జవాబు బోర్డు మీద రాసి, అపోహ తొలగించామని డైరీలో రాసుకోవడం టీచరు తనను తాను మభ్యపెట్టుకోవడమే. అదే ప్రశ్న ఎనిమిదిలో ఒకసారి, పదిలో ఒకసారి, ఇంటర్‌లో మరోసారి రూపం మార్చి అడగాల్సి ఉంటుంది.

బడి చేయలేని పని ఒకటి ప్రభుత్వం చేయగలదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా పది లక్షలకు పైగా పిల్లలు పదో తరగతి పరీక్షలు రాస్తారు. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రాల్లో టీచర్లు రోజుల తరబడి కూర్చుని ఆ పేపర్లు దిద్దుతారు. సున్నా వేసిన జవాబుల్లో ఒకే తప్పు వందల పేపర్లలో కనిపించడం అక్కడున్న ప్రతివారికీ తెలుసు. టీ తాగేటప్పుడు చెప్పుకుని నవ్వుకుంటారు కూడా. పిల్లలు జీవశాస్త్రాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో చెప్పే ఇంత సమాచారం ఏడాదికి ఒక్కసారి, ఒక్క చోటికి వస్తుంది. కేంద్రం గేటు దాటి బయటకు వచ్చేవి మార్కులు మాత్రమే. మిగిలినదంతా కట్టలు కట్టి కొన్నాళ్లు దాచి, తర్వాత పాత కాగితాల కింద పోతుంది.

ఐసీఎస్‌ఈ పరీక్షలు నిర్వహించే మండలి ఇలా వదిలేయదు. ప్రశ్నల వారీగా పిల్లలు ఏ తప్పులు ఎక్కువగా రాశారు, టీచర్లు ఏం గుర్తుంచుకోవాలి అన్నది దిద్దినవారి చేతే రాయించి నివేదికగా ప్రచురిస్తుంది. బ్రిటన్ పరీక్షా బోర్డులు దశాబ్దాలుగా ఎగ్జామినర్ల నివేదికలు వెలువరిస్తున్నాయి. మన రెండు రాష్ట్రాల పరీక్షల విభాగాలకు ఇది కొత్త యంత్రాంగమేమీ అడగదు. చీఫ్ ఎగ్జామినర్లు ఉన్నారు, ఎస్‌సీఈఆర్‌టీలు ఉన్నాయి, జూన్‌లో బడులు తెరిచేలోగా సమయమూ ఉంది. ఈసారికి జీవశాస్త్రం పేపర్ ఒక్కదానితో మొదలుపెట్టినా సరే. సాయంత్రం పేపర్లు అప్పజెప్పేటప్పుడు ప్రతి చీఫ్ ఎగ్జామినర్ ఆ రోజు తన టేబుల్ మీద ఎక్కువసార్లు కనిపించిన తప్పు జవాబులు, పిల్లల మాటల్లోనే, ఒక కాగితం మీద రాసి జతచేయాలని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితాలన్నీ ఎస్‌సీఈఆర్‌టీకి చేరాలి, వాటి నుంచి పాఠానికి రెండు మూడు తప్పుల చొప్పున ఏరిన చిన్న పుస్తకం, కొత్త పాఠ్యపుస్తకాలతో పాటే, ప్రతి హైస్కూలు బయాలజీ టీచరు చేతికి అందాలి.